ఈ తేడా కాకతాళీయమా? సిమ్యులేషన్ ఫలితాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న:
పోషక ద్రావణంలో నానబెట్టిన విత్తనాల నుంచి వచ్చిన 10 మొక్కలనూ, మంచినీటిలో నానబెట్టిన వాటి నుంచి వచ్చిన 10 మొక్కలనూ కొలిస్తే, సగటు ఎత్తులో 2.1 సెంటీమీటర్ల తేడా కనిపించింది. ద్రావణానికి ప్రభావమేమీ లేదనుకొని, 20 కొలతలనూ కలిపేసి, కంప్యూటర్ చేత 10,000 సార్లు చీటీలు వేసినట్టు రెండేసి గుంపులుగా పంచించాను (ఇదే నా సిమ్యులేషన్). ఏ వైపుకైనా సరే, అంత లేదా అంతకు మించిన తేడా 290 సార్లు వచ్చింది. నా ఫలితం కాకతాళీయం కావడానికి 2.9 శాతమే అవకాశం ఉందని రాయవచ్చా? విత్తనాలను ట్రేకు ఐదు చొప్పున వేశాను. రెండు ట్రేలు ద్రావణానివి, రెండు నీటివి.

మొదటి జవాబు:
అలా రాయకూడదండీ. ప్రభావం లేదన్న ఊహ మీదనే ఆ పంపకాలన్నీ నడిచాయి కాబట్టి, ఆ ఊహ నిజమయ్యే అవకాశం ఎంతో అవి చెప్పలేవు. అది నిజమైన పక్షంలో ఇంత తేడా ఎంత అరుదో మాత్రమే చెబుతాయి. 10,000 సార్లు చాలు. ఈ అంచనాకు ప్రామాణిక దోషం, అంటే సిమ్యులేషన్‌ను మళ్ళీ నడిపితే జవాబు సాధారణంగా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత, సుమారు 0.17 శాతం, వంద సార్లతో ఆపితే అది 1.7 శాతం అయ్యేది.

రెండో జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తాను, కానీ అసలు చిక్కు ప్రశ్నలోని చివరి వాక్యంలో ఉంది. ప్రయోగంలో చీటీలు ఎలా వేశామో సిమ్యులేషన్‌లోనూ అలాగే వేయాలి. మీరు ద్రావణాన్ని మొక్కలకు కాదు, ట్రేలకు పంచారు. ఒక ట్రేకు వెలుతురు కాస్త ఎక్కువ తగిలితే అందులోని ఐదు మొక్కలూ కలిసే ఎదుగుతాయి గనుక, వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కించడం తగదు. నాలుగు ట్రేలలో రెండింటిని ఎంచుకునే విధాలు 6 మాత్రమే. మీ పంపకమూ, దాన్ని తారుమారు చేసినదీ ఒకే పరిమాణంలో తేడా ఇస్తాయి కాబట్టి, మొక్కలు ఎంత ఏపుగా పెరిగినా పి-విలువ (ప్రభావమేమీ లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా వచ్చే అవకాశం) 6లో 2 కంటే, అంటే 33 శాతం కంటే తగ్గదు. గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935లో వివరించిన తేనీటి ప్రయోగంలో, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పాలి. అందులో ఎనిమిది కప్పుల నుంచి పాలు ముందు పోసిన నాలుగింటిని ఎంచే విధాలు 70 ఉన్నాయి. అందువల్లనే అన్నీ ఊహించి సరిగ్గా చెప్పే అవకాశం 1.4 శాతానికి దిగింది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఈ కొలతలు పనికిరానట్టేనా? మళ్ళీ చేస్తే ఎలా వేయాలి?

రెండో జవాబు ఇచ్చినవారు:
పనికివస్తాయి. ట్రేల సగటులను విడివిడిగా చూపి, తేడాను ఉన్నదున్నట్టు రాయండి, 2.9 శాతాన్ని మాత్రం వదిలేయండి. ఈసారి ప్రతి ట్రేలో ఆరు గుంతలు తీసుకొని, మూడింటిని చీటీ వేసి ద్రావణం విత్తనాలకు కేటాయించండి. ట్రేకు 20 విధాలు, నాలుగు ట్రేలకు కలిపి 1,60,000 అవుతాయి. సిమ్యులేషన్‌లో కూడా ఏ ట్రే కొలతలను ఆ ట్రేలోనే కలపాలి, మరో ట్రేలోకి దాటనీయకూడదు.