నల్ల విండో తెరవకుండా 380 ఫోటోలు చిన్నవి చేయడం ఎలా?

ప్రశ్న (రిటైర్డ్ టీచర్, తెనాలి)
అందరికీ నమస్కారం. నాది పాత ల్యాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయిందని, మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు విండోస్ బదులు ఉబుంటు 24.04 వేసి వెళ్లాడు. బాగానే నడుస్తోంది. మా బడి పూర్వ విద్యార్థులు కలిసిన రోజు తీసిన ఫోటోలు 380 ఉన్నాయి. ఒక్కోటి 5, 6 ఎంబీ. అందరికీ మెయిల్లో పంపాలంటే చిన్నవి చేయాలి. ఎక్కడ వెతికినా నల్ల విండో తెరిచి ఇంగ్లీషులో ఏదో లైను కొట్టమంటున్నారు. నాకు భయంగా ఉంది. మౌస్‌తో అయ్యే దారి లేదా?

జవాబు (ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)
మేడమ్, మౌస్‌తో అంత శ్రమ ఎందుకండీ? టెర్మినల్లో, అంటే ఆ నల్ల విండోలో, ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ఇన్‌స్టాల్ చేసి, అందులోని మోగ్రిఫై కమాండ్ ఒక్కటి ఇవ్వండి. అన్నీ ఒక్క దెబ్బకు సగం సైజుకు వచ్చేస్తాయి. లైన్ల స్క్రీన్‌షాట్ పెట్టాను. ఉన్నది ఉన్నట్టు కొట్టేయండి.

టీచర్, తెనాలి
బాబూ, ప్రయత్నించాను. మొదటి లైనుకే పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే అక్షరం కాదు కదా, చుక్క కూడా పడలేదు. కీబోర్డు పాడైందేమోనని మళ్లీ మళ్లీ కొట్టి, టెన్షన్ వచ్చి విండో మూసేశాను. ఏమైనా చెడగొట్టానా?

జవాబు (ప్రింటింగ్ ప్రెస్ పని, విజయవాడ)
అమ్మా, మీరేమీ చెడగొట్టలేదు. కీబోర్డూ బాగానే ఉంది. టెర్మినల్లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదు. పక్కన చూసేవాళ్లకు ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అలా పెట్టారు. కనపడకపోయినా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కితే తీసుకుంటుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మీకు ఆ కంగారు ఉండేది కాదు.

తమ్ముడూ, నీ కమాండ్ పనిచేస్తుంది, కాదనను. కానీ మోగ్రిఫై మామూలుగా ఇస్తే వేరే కాపీ చేయదు, అసలు ఫైలు మీదే రాసేస్తుంది. టీచర్ గారు ఆ లైను పూర్తి చేసి ఉంటే 380 ఒరిజినల్సూ పోయేవి. చెత్తబుట్టలో వెతికినా దొరకవు. ఆ ముక్క స్క్రీన్‌షాట్‌లో ఎక్కడా లేదు.

ఈ దెబ్బ నేను తిన్నాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ప్రెస్‌లో టీఎమ్‌పీ (తాత్కాలిక) ఫైళ్లు తీసేద్దామని, ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్ కమాండ్ ఇచ్చాను. ‘స్టార్ డాట్ టీఎమ్‌పీ’ కలిపి కొట్టాల్సింది, స్టార్ తర్వాత ఒక్క ఖాళీ పడింది. స్టార్ అంటే ‘అన్నీ’ అని అర్థం. ప్రూఫ్ దిద్దిన శుభలేఖతో సహా ఆ ఫోల్డర్లోని ఫైళ్లన్నీ పోయాయి. తీసేయమంటారా అని కూడా అడగలేదు. రాత్రంతా కూర్చుని మళ్లీ కంపోజ్ చేశాం. మౌస్‌తో డిలీట్ చేసి ఉంటే చెత్తబుట్టలోంచి తెచ్చుకునేవాళ్లం.

అమ్మా, ఇప్పుడు మీ పనికి వద్దాం. ముందు ఫోటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేయండి, పక్కనే పేస్ట్ చేయండి. ఇకనుంచి ఏం చేసినా ఆ కాపీ మీదే. తర్వాత యాప్ సెంటర్ తెరిచి జీథంబ్ అనే ఫోటోల యాప్ వెతికి ఇన్‌స్టాల్ చేయండి. కనపడకపోతే పైనున్న ఫిల్టర్లో డెబియన్ ప్యాకేజీలు ఎంచుకోండి. అక్కడా పాస్‌వర్డ్ అడుగుతుంది, కానీ ఈసారి చుక్కలు పడతాయి. జీథంబ్‌లో కాపీ ఫోల్డర్ తెరిచి, మొదట ఐదు ఫోటోలే ఎంచుకుని టూల్స్ మెనూలో రీసైజ్ ఇమేజెస్ నొక్కండి. వెడల్పు, ఎత్తు రెండు చోట్లా 1600 పిక్సెల్స్ ఇవ్వండి. ఫోటో ఆకారం చెడకుండా చూసే టిక్ ఉంటుంది, అది తీయకండి. ఆ ఐదూ తెరిచి ముఖాలు బాగా కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే మిగతావి చేయండి.

మెయిల్ గురించి ఒక మాట. జీమెయిల్లో ఒక్కో మెయిల్‌కి 25 ఎంబీ వరకే వెళ్తుంది. చిన్నవి చేశాక ఫోటో 400 కేబీ వచ్చిందనుకున్నా మొత్తం 150 ఎంబీ దాటుతుంది. నలభై చొప్పున పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.

విద్యార్థి, వరంగల్
అన్నా, ఒరిజినల్స్ సంగతి నాకు తట్టలేదు. సారీ మేడమ్. కానీ ఒకటి అడుగుతాను. మౌస్ దారి చెప్పాలంటే పది స్క్రీన్‌షాట్లు పెట్టాలి. వెర్షన్ మారితే మెనూ ఇంకోచోట ఉంటుంది. లైను అయితే కాపీ చేసి పంపేస్తే సరిపోతుంది కదా?

ప్రెస్ పని, విజయవాడ
నిజమే. నేనూ ప్రెస్‌లో రోజూ చేసే పనులకు కమాండే వాడతాను. ఇదే పని టీచర్ గారు వారం వారం చేయాల్సి వస్తే నేనూ కమాండే నేర్పేవాణ్ని. కానీ ఇది ఒక్కసారి చేసే పని, పైగా ఫోటోలు కళ్లతో చూసి ఎంచుకోవాలి. దానికి మౌసే హాయి. లైను పంపాల్సి వచ్చినా అది ఏ ఫైళ్లను ముట్టుకుంటుందో, కొట్టాక తెర మీద ఏం కనపడుతుందో తెలుగులో రెండు ముక్కలు రాసి పంపు. అవతల కూర్చున్నవాళ్లకు నీ తెర కనపడదు కదా.

టీచర్, తెనాలి
అయింది నాయనా! ఐదుతో మొదలుపెట్టి మొత్తం చేశాను. ఒరిజినల్స్ పదిలంగా ఉన్నాయి. అయితే ఆ నల్ల విండో మీద ఇప్పుడు కొంచెం ఆసక్తి పుట్టింది. నిన్న అందులో కంట్రోల్ వి కొడితే పేస్ట్ కాలేదెందుకు?

విద్యార్థి, వరంగల్
అక్కడ పేస్ట్‌కి కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కాలి మేడమ్. కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి. షిఫ్ట్ లేకుండా కంట్రోల్ సి కొడితే నడుస్తున్న పని ఆగిపోతుంది. సరదాగా చూడాలంటే డీఎఫ్ అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దానికి ఆనించి చిన్న హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. డిస్క్‌లో ఎంత నిండిందో, ఎంత ఖాళీ ఉందో వరసగా చూపిస్తుంది. ఇది ఏ ఫైలునూ ముట్టుకోదు, పాస్‌వర్డ్ కూడా అడగదు.