అలెగ్జాండర్ ఒట్టి చేతుల కథ ఎక్కడిది?

మల్లేశ్వరం చదువరి:
నమస్కారమండీ. బెంగళూరులో మా తెలుగు పుస్తక బృందంలో వచ్చే నెల అలెగ్జాండర్ చుట్టూ అల్లుకున్న కథల మీద గంటసేపు మాట్లాడాలి. "నా చేతులు శవపేటిక బయటికి వేలాడదీయండి, ఒట్టి చేతులతో పోతున్నానని జనం చూడాలి" అన్న కథతో మొదలుపెడదామనుకుంటున్నాను. దానికి ఆధారం ఏమిటి? ఒకే మనిషి కథ ఈజిప్టులో ఒకలా, ఇరాన్‌లో ఇంకోలా ఎందుకు మారింది? గంటలో ఏవి చెప్పాలి, ఏవి వదిలేయాలి?

మైలాపూర్ పాతపుస్తకాలు:
ఆ కథతో మొదలుపెట్టండి, కానీ చరిత్రగా చెప్పకండి. ఇప్పుడు మనకు పూర్తిగానో సగంగానో మిగిలిన ప్రాచీన రచనలు ముఖ్యంగా ఐదు: డియోడోరస్, కర్టియస్, ప్లూటార్క్, ఆరియన్, జస్టిన్. ఒక్కదాంట్లోనూ ఈ చివరి కోరిక లేదు. పైగా డియోడోరస్ 18వ పుస్తకంలో శవయాత్ర వర్ణన ఉంది. బంగారు శవపేటిక, గుడిలా కట్టిన బండి, దాన్ని లాగడానికి 64 కంచరగాడిదలు. బండి తయారీకే దాదాపు రెండేళ్ళు పట్టింది. దారిలో అతని సేనాని టాలెమీ ఆ శవాన్ని ఈజిప్టుకు మళ్ళించుకుపోయాడు. మూత వేసిన బంగారు పెట్టెలోంచి చేతులు వేలాడే వీలే లేదు.

ఇంకో సంగతి. అతను పోయింది క్రీ.పూ. 323లో. వెంట నడిచినవాళ్ళు (కాలిస్తనీస్, టాలెమీ, అరిస్టోబులస్, నియార్కస్) రాసినవి పోయాయి. ఉన్నవాటిలో పాతదైన డియోడోరస్ కూడా దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాతిది. ఆ ఖాళీలో ఎవరైనా ఏదైనా చేర్చవచ్చు. ఎక్కడ దొరికిన చాటువునైనా శ్రీనాథుడి పేరు మీద వేసేస్తాం కదా, ఇదీ అంతే. వైరాగ్యం చెప్పే కథకు పెద్ద రాజు కావాలి, ఇతనికంటే పెద్ద రాజు దొరకలేదు.

బసవనగుడి:
"ఎందుకు మారింది" అన్నదానికి దగ్గరి దారి ఒకటుంది. ఏ దేశం కథ తీసుకున్నా ముందు వాళ్ళు అతని తండ్రిగా ఎవరిని చెప్పారో చూడండి.

క్రీ.శ. 3వ శతాబ్దం నాటికి అలెగ్జాండ్రియాలో రూపు కట్టిన గ్రీకు రొమాన్స్‌లో (అలెగ్జాండర్ మీద అల్లిన కల్పిత కథల పుస్తకం) తండ్రి ఫిలిప్ కాడు, ఈజిప్టు ఆఖరి స్వదేశీ ఫారో నెక్టనేబో. రాజ్యం పోగొట్టుకుని మాసిడోనియాకు పారిపోయి, మంత్రవిద్యతో ఫిలిప్ భార్య ఒలింపియాస్‌ను మోసగించి కొడుకును కన్నాడట. నిజానికి నెక్టనేబో పారిపోయింది క్రీ.పూ. 343 ప్రాంతంలో. అలెగ్జాండర్ పుట్టింది 356లో. పదమూడేళ్ళు తేడా. కథకు అది లెక్క కాదు. మనల్ని గెలిచినవాడు పరాయివాడు కాదు, మన ఫారో కొడుకే తిరిగొచ్చాడు అనిపించడమే దాని పని.

ఇరాన్‌లోనూ అదే పని, పాత్రలు వేరు. క్రీ.శ. 1010 ప్రాంతంలో ముగిసిన పర్షియన్ కావ్యం షాహ్‌నామాలో పర్షియా రాజు దారాబు రూమ్ (గ్రీకుల దేశం) రాజు కూతురు నాహీద్‌ను పెళ్ళాడతాడు. ఆమె నోటి దుర్వాసన నచ్చదు. సికందర్ అనే మూలికతో వైద్యం చేసినా అతని మనసు విరిగిపోయింది, పుట్టింటికి పంపేస్తాడు. అప్పటికే ఆమె గర్భవతి. పిల్లవాడికి మూలిక పేరే పెట్టారు. అంటే దారాబు ఇంకో కొడుకు దారా (చరిత్రలో డేరియస్), సికందర్ సవతి అన్నదమ్ములు, యుద్ధం ఇంటి తగాదా. దారా సికందర్ ఒళ్ళో తల పెట్టి, కూతుర్ని పెళ్ళాడమని అప్పగించి చనిపోతాడు. ప్లూటార్క్, ఆరియన్ల ప్రకారం అలెగ్జాండర్ చేరేసరికే డేరియస్ ప్రాణం పోయింది.

ఇంత కలుపుకోలు అందరిలోనూ లేదు, ఇది తప్పకుండా చెప్పండి. జొరాస్ట్రియన్ల (ఇరాన్ పాత మతస్థుల) పహ్లవీ భాషా గ్రంథాల్లో అతను "గుజస్తగ్", శాపగ్రస్తుడు. వాళ్ళ పవిత్ర గ్రంథం అవెస్తాను తగలబెట్టి పూజారుల్ని చంపినవాడు. ఒకే దేశం, రెండు జ్ఞాపకాలు. మలయ్ రాజవంశ చరిత్రల్లో తండ్రి ప్రశ్న తిరగబడుతుంది: అక్కడ అతనే మూలపురుషుడు, మలక్కా సుల్తానులు ఇస్కందర్ (అలెగ్జాండర్) సంతతి.

తయారీకి ఒక మాట. రొమాన్స్ అంటే ఒక పుస్తకం కాదు, ఆల్ఫా, బీటా, గామా అంటూ పాఠాలున్నాయి. ఎండుచేపను ఊటలో కడిగితే బతికిన కథ (వంటవాడు రహస్యంగా అమృతజలం తాగేస్తాడు, రాజుకు దక్కదు) అన్నిటికంటే పాత పాఠంలో లేదు, తర్వాతివాటిలో చేరింది. దొరికే అనువాదాలు పలు పాఠాలను కలిపి కుట్టినవి కావచ్చు. ముందుమాట, అడుగున నోట్సు చూడకుండా "రొమాన్స్‌లో ఉంది" అనేస్తే సభలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. నృపతుంగ రోడ్డులో మిథిక్ సొసైటీ గ్రంథాలయం ఉంది కదా, ఒకసారి వెళ్ళి చూడండి.

గంటకు ఈజిప్టు, ఇరాన్ చాలు. ఖురాన్‌లో వచ్చే జుల్‌కర్నైన్ ("రెండు కొమ్ములవాడు") సంగతి ఎత్తితే ఒక్క వాక్యంలో ఆపండి: చాలామంది వ్యాఖ్యాతలు అలెగ్జాండరే అన్నారు, కాదన్నవారూ ఉన్నారు. అలెగ్జాండర్ తలకు అమ్మోన్ దేవుడి పొట్టేలు కొమ్ములున్న, అతని సేనాని లైసిమాకస్ వేయించిన నాణెం బొమ్మ మాత్రం తెర మీద చూపించండి, మాటలకంటే అది నిలుస్తుంది.

మల్లేశ్వరం చదువరి:
చాలా సంతోషమండీ. మరి పురుషోత్తముడు? "రాజును రాజులా చూడు" అన్నదీ కల్పితమేనా?

మైలాపూర్ పాతపుస్తకాలు:
అది ప్లూటార్క్‌లోనూ ఆరియన్‌లోనూ ఉందండీ, కాబట్టి పాత కథే. అయితే ఆరియన్ రాసింది జీలం యుద్ధం (క్రీ.పూ. 326) జరిగిన నాలుగు వందల ఏళ్ళకు పైగా గడిచాక. పేరు దగ్గర జాగ్రత్త: గ్రీకులు రాసింది పోరస్ అని. పౌరవ అనే వంశనామం కావచ్చని పండితుల ఊహ. పురుషోత్తముడు మన పాఠాల్లో స్థిరపడ్డ రూపం.

తార్నాక నుంచి కోరమంగళకు:
అలెగ్జాండర్ సికందర్ ఎలా అయ్యాడని తప్పక అడుగుతారు, సిద్ధంగా ఉండండి. అరబ్బులు మొదటి "అల్"ను తమ భాషలో పేరు ముందు వచ్చే "అల్" అనుకుని విడదీశారు. మిగిలిన దాంట్లో "క్స" తిరగబడి "స్క" అయింది, అలా ఇస్కందర్. పర్షియన్‌లో సికందర్. అల్లావుద్దీన్ ఖిల్జీ నాణేల మీద "రెండో సికందర్" అని కొట్టించుకున్నాడు. మూడో నిజాం సికందర్ జా పేరున 1806లో వెలిసిందే సికింద్రాబాద్. బెంగళూరులో తెలుగువాళ్ళ సభ అంటున్నారు కనుక, రైలు టికెట్టు మీద రోజూ చూసే పేరుతో మొదలుపెడితే ఒట్టి చేతుల కథకంటే బాగా పట్టుకుంటుంది.