అప్‌డేట్: కాంతి కత్తి, లేజర్ గన్, రైల్‌గన్ నిజంగా సాధ్యమేనా? జవాబు దొరికింది

పోయిన నెల కావలి నుంచి అడిగింది నేనే. మా అబ్బాయి సైన్స్ ఫెయిర్ చార్టు కోసం, సినిమాల్లో చూపించే కాంతి కత్తి, లేజర్ గన్, కరెంటుతో గుండు విసిరే రైల్‌గన్, ఈ మూడింట్లో ఏది నిజంగా తయారవుతుందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"శక్తి ఎంతో కాదు, ఎంతసేపట్లో అందాలో లెక్కేయండి" అన్న సలహానే పనికొచ్చింది. ఒంగోలులో తెలిసిన ఫిజిక్స్ లెక్చరర్ గారి దగ్గర కూర్చుని లెక్కేశాం. అమెరికా నౌకాదళం 2010లో పరీక్షించిన రైల్‌గన్‌లో గుండుకి అందిన శక్తి 33 మెగాజూళ్లు. అంటే మన కరెంటు బిల్లులో సుమారు 9 యూనిట్లే! మావాడు నమ్మలేక మళ్లీ లెక్కేశాడు. కానీ అదంతా కొన్ని మిల్లీసెకన్లలో అందాలి. అందుకే కరెంటును దాచుకుని ఒక్కసారిగా వదిలే కెపాసిటర్లు గదులు నిండా కావాలి. పైగా ఆ వేడికీ రాపిడికీ గుండు జారుతూ వెళ్లే లోహపు పట్టాలు త్వరగా అరిగిపోతాయి. 2021లో వాళ్లు ఆ పని ఆపేశారు.

లేజర్ మాత్రం నిజమే. 2025 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చింది. కాకపోతే కిరణాన్ని ఒకేచోట కాసేపు నిలపాలి.

కాంతి కత్తి కుదరదు. కాంతి గజం దూరం వెళ్లి తనంతట తాను ఆగదు, రెండు కిరణాలు కత్తుల్లా ఢీకొనవు.

చార్టులో సగం జాగా రైల్‌గన్ లెక్కకే ఇచ్చాం.