యునైటెడ్ లెక్కల్లో ఆటగాళ్ల వాయిదా బాకీ ఎక్కడ వెతకాలి?

ఎంవీపీ కాలనీలో మేం నలుగురం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. ఈమధ్య మ్యాచ్ కన్నా క్లబ్ అప్పు మీద గొడవే ఎక్కువ. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ల కుటుంబం అప్పు తెచ్చి క్లబ్‌ను కొని, ఆ అప్పును క్లబ్ నెత్తినే రుద్దింది. 2024లో బ్రిటన్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ వాటా కొన్నా వాటాదారుల ఓట్లలో పైచేయి గ్లేజర్లదే. ఇంతవరకు తగువు లేదు.

తేలనిది మొత్తం ఎంతన్నదే. 2024 జూన్ 30తో ముగిసిన ఏడాది వార్షిక నివేదిక (ట్వంటీ-ఎఫ్) దించుకుని రెండు రాత్రులు కూర్చున్నా. 65 కోట్ల డాలర్ల దీర్ఘకాలిక అప్పు దొరికింది. డాలర్లలో కదలని అంకె పౌండ్లలో ఎందుకు మారుతోందో కూడా అర్థమైంది, మారకం రేటు వల్ల.

ఆటగాళ్లను కొన్నందుకు ఇతర క్లబ్బులకు కట్టాల్సిన వాయిదాలే చిక్కడం లేదు. బ్యాలెన్స్ షీట్‌లో ‘ట్రేడ్ అండ్ అదర్ పేయబుల్స్’ (ఇతరులకు చెల్లించాల్సినవి) అని ఏడాదిలోపువి, ఆ తర్వాతవి రెండు ముద్ద అంకెలున్నాయి, అంతే. ‘ట్రాన్స్‌ఫర్’ అని వెతికితే లెక్కలేనన్ని చోట్ల తగిలింది. అమార్టైజేషన్ పట్టికతో లెక్కకడితే, అది ఖర్చును ఏళ్లకు పంచడమే తప్ప బాకీ కాదని సీఏ చదివే మావాడు కొట్టిపారేశాడు. నిజమే మరి.

ఆ వాయిదాల బాకీని విడిగా ఏ నోట్‌లో (లెక్కల వెనక ఇచ్చే వివరణల్లో), ఏ పేరుతో చూపిస్తారు?