మాట్లాడితే నడక ఆగిపోతోంది, మరుపు కూడా ఉంది: బాపును ఎవరికి చూపించాలి?

హన్మకొండ బిడ్డ: మా బాపుకు 74. రిటైర్డ్ టీచర్. ఏళ్ల తరబడి పొద్దున్నే భద్రకాళి కట్ట మీద నడిచే మనిషి. ఈ మధ్య అడుగు చిన్నదైంది. నడుస్తుంటే ఏమన్నా అడిగామనుకోండి, టక్కున ఆగి, జవాబు చెప్పి, అప్పుడు కదులుతాడు. తాళాలు ఎక్కడ పెట్టాడో యాదికుండదు. షుగర్ ఉంది. ఈ నడకకూ మరుపుకూ సంబంధం ఉందా? ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి?

కరీంనగర్ కోడలు: మా అత్తమ్మకు మోకాళ్లు అరిగి నడక తగ్గింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇక మతి కూడా పోతుంది" అని ఆమె మొహం మీదే అంటున్నారు. ఆమె ఇప్పటికీ చిట్టీల లెక్క పైసాతో సహా చెప్తుంది. కీళ్ల నొప్పి వేరు, మెదడు వేరు. దయచేసి పెద్దవాళ్లను భయపెట్టకండి.

ఫిజియో అన్న: అక్కా, మీ బాధ న్యాయమే. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నా, చెప్తున్నా వినండి. నడక ఒక్క కాళ్ల పని కాదు. మాట్లాడుతూ నడవాలంటే మెదడు రెండు పనులు ఒకేసారి చూసుకోవాలి. మాట్లాడిస్తే ఆగిపోయే పెద్దవాళ్లు తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2013లో న్యూయార్క్ న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టర్) జో వర్గీస్ బృందం, నెమ్మది నడకకు మరుపు తోడైతే డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ముప్పు పెరుగుతుందని చూపింది. ఇంట్లో 4 మీటర్లు కొలిచి మామూలుగా నడవమనండి. 5 సెకన్లు దాటితే నెమ్మదే.

కట్ట వాకర్: ఇవన్నీ ఎందుకు? రోజూ 10,000 అడుగులు వేయించండి. ఏ మతిమరుపూ దగ్గరికి రాదు.

సుబేదారి: ఆ 10,000 లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటర్ అమ్మకం నుంచి వచ్చింది. 2022లో బ్రిటన్‌లో 78 వేల మంది డేటా చూస్తే, 3,800 అడుగుల దగ్గరే డిమెన్షియా ముప్పు 25 శాతం తక్కువ కనిపించింది. 9,800 దగ్గర దాదాపు సగం.

కట్ట వాకర్: 9,800కూ 10,000కూ తేడా ఏంది? నేను చెప్పిందే కదా!

సుబేదారి: అడుగు తడబడే మనిషిని పదివేలకు తోలితే తుంటి ఎముక విరుగుతుంది. పైగా జబ్బు మొదలైనవాళ్లు ముందే నడక తగ్గిస్తారు. నడవక జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి నడక తగ్గిందా అనేది ఆ లెక్కతో తేలదు.

కట్ట వాకర్: మీలాంటి వాళ్ల మాటలు వినే జనం సోఫాలో కూర్చుంటున్నారు. నాకు 71. రేపు పొద్దున వడ్డేపల్లి కట్టకు రండి, నాతో నడవండి చూద్దాం.

కాజీపేట తమ్ముడు: కట్ట దాకా పోవడానికి ఫుట్‌పాత్ ఏది సార్? ఉన్నదాని మీద బండ్లు. మిగిలిన చోట కుక్కలు. మా తాత అందుకే గడప దాటడం మానేశాడు.

జగిత్యాల: నడకతో పాటు మూత్రం ఆగకపోవడం ఉందా? మా నాయినకు పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఉండేవి. ఒక ఆస్పత్రిలో "వయసు" అని పంపేశారు. నేను ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో స్కాన్ తీస్తే మెదడులో నీరు పేరుకుందని తేలింది. ముందు నడుము దగ్గర వెన్నులోంచి సూదితో ఆ నీరు కొంత తీసి నడిపించి చూశారు, అడుగు మెరుగైంది. తర్వాత షంట్ (ఆ నీటిని బయటికి మళ్లించే సన్న గొట్టం) వేశారు. ఇప్పుడు సొంతంగా అంగడికి పోయి కూరగాయలు తెస్తున్నాడు!

ఫిజియో అన్న: మంచి మాట చెప్పారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా వాడుతుంటే రక్తంలో విటమిన్ బీ12 కూడా చూపించండి. అది తగ్గితే నడకా మరుపూ రెండూ దెబ్బతింటాయి.

హన్మకొండ బిడ్డ: మూత్రం సమస్య లేదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ల నుంచి ఉంది, బీ12 ఎవరూ రాయలేదు. వరండాలో కొలిచి నడిపించా, ఆరు సెకన్లు దాటింది. టెన్షన్‌గా ఉంది. న్యూరాలజిస్ట్ దగ్గర సోమవారం టోకెన్ తీసుకున్నా.

ఫిజియో అన్న: మందుల చిట్టీలన్నీ పట్టుకుపోండి, నిద్ర మాత్రలు ఉంటే ముఖ్యంగా. బాపు నడిచేది, వెనక్కి తిరిగేది ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. డాక్టర్ గదిలో అందరూ జాగ్రత్తగా నడుస్తారు.