వీడియోస్కోపు తల తిప్పడానికి చేతి లీవరా, మోటారు జాయ్‌స్టిక్కా?

చెల్పూరు తమ్మి:
అన్నలకు నమస్తే. వచ్చే షట్‌డౌన్‌ల (ప్లాంటు ఆపి మరమ్మత్తు చేసే రోజులల్ల) బాయిలర్ హెడర్ల (ట్యూబులన్ని వచ్చి కలిసే పెద్ద పైపుల) లోపల చూసే పని ఉన్నది. హ్యాండ్‌హోల్ (చెయ్యి పట్టే రంధ్రం) మూత కోసి, స్టబ్ (హెడర్‌కు ట్యూబును కలిపే పొట్టి పైపు) రంధ్రాల అంచుకు పగుళ్ళున్నయా, లోపల వెల్డింగ్ చెత్త మిగిలిందా చూడాలె. 6 మి.మీ. మందం, 3 మీటర్ల పొడవు వీడియోస్కోపు, అంటే కొసకు కెమెరా ఉన్న వంగే గొట్టం, కిరాయికి తెద్దామని. ఇద్దరిస్తమన్నరు. ఒకాయనది చేతి లీవర్‌ది, ఇంకొకాయనది మోటారు జాయ్‌స్టిక్‌ది. మోటారుదానికి కిరాయి బాగ ఎక్కువ. ఏది తేవాలె?

ఖని బాబాయ్:
లీవర్‌దే తే తమ్మీ, ఆలోచన జేయకు. కొసకు కెమెరా ఉండే టిప్ వెనక వంగే ముక్క ఉంటది కదా, దాంట్ల చిన్న చిన్న ఉక్కు రింగులు గొలుసు లెక్క ఒకదానికొకటి కలిపి ఉంటయి. వాటిని నాలుగు దిక్కులకు నాలుగు సన్నటి తీగలు గుంజుతయి. లీవర్ దాంట్ల ఆ తీగ సీదా నీ బొటనవేలికి కట్టినట్టే. టిప్ స్టబ్ అంచుకు తగిలితే లీవర్ బిగుసుకుంటది, నీ వేలు ఆగుతది. మోటారుకు వేలు లేదు. జాయ్‌స్టిక్ ఎంత నొక్కినా నీకు తెలిసేది దాని కింది స్ప్రింగు బలమే. లోపల తీగ ఎంత బిగిసిందో చేతికి తెల్వది.

కాజీపేట డీజిల్:
ఇంజిన్ లైనర్ గీతలు, పిస్టన్ తల చూసుడైతే ఇంజెక్టర్ తీసిన రంధ్రంల నుంచి మీటరున్నర స్కోపు చాలు, లీవరే మంచిగుంటది. హెడర్ సంగతి నాకు తెల్వది.

లెవల్ టూ, హన్మకొండ:
బాబాయ్ గారూ, వేలికి తెలిసేది టిప్‌కు తగిలే ఒత్తిడని మీరు అనుకుంటున్నారు. చాలాసార్లు అది టిప్ ఒత్తిడి కాదు, గొట్టం చుట్టల ఘర్షణ. పొగరు ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు వేస్తే చిన్న పిల్లవాడు కూడా ఆపగలడు. స్కోపు లోపల తీగదీ అదే పరిస్థితి. గొట్టాన్ని ఒక చుట్ట చుట్టితే తీగ తన తొడుగు లోపల 360 డిగ్రీలు రాసుకుంటూ పోతుంది. ఘర్షణ గుణకం 0.1 అనుకోండి. ఒక చుట్టకు లాగాల్సిన బలం 1.87 రెట్లు అవుతుంది, రెండు చుట్టలకు 3.5 రెట్లు. అంటే రెండు చుట్టలున్నప్పుడు మీ వేలికి తగిలే మూడున్నర పాళ్ళలో టిప్‌ది ఒక్క పాలే. మిగతాది బయట పడేసిన గొట్టానిది. లీవర్ బిగుసుకుంటే టిప్ తగిలిందని ఎట్లా చెప్తారు?

ఖని బాబాయ్:
చుట్టలు వేసి చూడుమని ఎవడన్నడు సార్? నేల మీద సాపుగ పరువాలె. హెడర్ బయట ప్లాట్‌ఫారం మీద 3 మీటర్ల జాగ దొరకదా?

లెవల్ టూ, హన్మకొండ:
అన్ని హెడర్ల దగ్గరా దొరకదు. స్కాఫోల్డింగ్ పైపుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని చూసే చోట చుట్టక తప్పదు. ఇంకొకటి, చాలామంది పెద్ద చుట్ట వేస్తే ఘర్షణ తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. లెక్కలోకి వచ్చేది చుట్ట వ్యాసం కాదు, గొట్టం మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నది. మూరెడు వ్యాసం ఉన్న చుట్టయినా జానెడు చుట్టయినా 360 డిగ్రీలే. మరీ చిన్న చుట్ట వేస్తే లోపలి తొడుగులు నలిగే ప్రమాదం వేరే ఉంది, అందుకే కంపెనీ చెప్పిన కనీస వ్యాసం దాటి బిగించొద్దు.

ఖని బాబాయ్:
జానెడు చుట్టకూ మూరెడు చుట్టకూ తేడా లేదా? చేత పట్టినోనికి తెలుస్తది తేడా.

లెవల్ టూ, హన్మకొండ:
తీగ ఘర్షణ మట్టుకు లేదు. మీరు చెప్పే తేడా గొట్టం బిర్రుదనం వల్ల వచ్చేది.

మంచిర్యాల ఓసీ:
ఇద్దరు చుట్ట కాడ్నే ఆగిండ్రు. తమ్మి అడిగింది హెడర్.

చెల్పూరు తమ్మి:
అవునన్నా. లోపల టిప్ ఇరుక్కుంటే ఏం జేయాలె, అదే ముఖ్యం నాకు.

ఖని బాబాయ్:
ఇరుకుడు ఎక్కువసార్లు వెనక్కి గుంజేటప్పుడే తమ్మీ. లోపల టిప్ వంచి స్టబ్‌ల తొంగి చూసినవ్, లాక్ వేసి ఫోటో తీసినవ్, ఆ లాక్ మరిచి గొట్టం గుంజినవ్. వంగిన తల కొక్కెం లెక్క స్టబ్ అంచుకు తగులుకుంటది. ఇంకింత గుంజితే వంగే ముక్క మీది రబ్బరు చినుగుతది, ఆ ఎనక తీగ తెగుతది. అందుకే గుంజే ముంగట లాక్ తియ్యి, లీవర్ నడుమకు తే, స్క్రీన్ మీద బొమ్మ సాపు అయిందా చూడు, అప్పుడు గుంజు. అంగుళం వచ్చి ఆగితే ఆడ్నే ఆగు. కొద్దిగ ముందుకు తోసి, గొట్టాన్ని సగం చుట్టు తిప్పి, మళ్ళ మెల్లగ గుంజు.

ఇంకోటి, స్కోపు గొట్టానికి దారి చూపే గైడ్ పైపు లేకుండ పోకు. పెద్ద హెడర్‌ల 6 మి.మీ. గొట్టం తన బరువుకే కిందికి జారి నేల పట్టుకుంటది. గైడ్ పైపు మూతి అంచులు ఆకురాయితోని గీకి నున్నగ జెయ్యి. వంగే ముక్క మొత్తం పైపు మూతి దాటి బయటికొచ్చినంక మాత్రమే తిప్పాలె. పైపు లోపట ఉండంగ తిప్పితే లీవర్ అయినా మోటారు అయినా తీగ పోతది.

లెవల్ టూ, హన్మకొండ:
ఇది పూర్తిగా నిజం. మోటారు దాంట్లో ఇదే పని హోమ్ బటన్ చేస్తుంది, ఒక్క నొక్కుతో టిప్ నడిమికి వస్తుంది. తిప్పే వేగం తగ్గించే సెట్టింగ్ మెనూలో ఉన్న మోడల్ అయితే స్టబ్ దగ్గర దాన్ని తక్కువలో పెట్టుకోవాలి. ఎక్కువలో ఉంటే కొద్దిగా ముట్టినా టిప్ ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. గొట్టం మీద 10 సెం.మీ.కి ఒక గుర్తు టేపు వేస్తే ఎన్నో స్టబ్ దగ్గర ఉన్నామో లెక్క తప్పదు.

పగులు పొడవు కొలవాలంటే మాత్రం లీవర్‌తో కష్టం. లాక్ వేశాక కూడా తీగలు సర్దుకుని బొమ్మ మెల్లగా జరుగుతుంది. కొన్ని క్షణాలు ఆగి, బొమ్మ నిలబడ్డాకే ఫ్రీజ్ చేయాలి. లేకపోతే కొలత తప్పు వస్తుంది. మోటారు దాంట్లో ఈ జరుగుడు తక్కువ.

ఖని బాబాయ్:
మరి బ్యాటరీ పోతే? టిప్ వంగి లోపలుండంగ మోటారుకు కరెంటు పోయిందనుకో. కొన్ని మోడళ్ళ టిప్ వదులైతది, కొన్నిట్ల వంగినకాడ్నే ఉంటది. గది చెప్పకుండ కిరాయి ఎక్కువది తే అంటున్నరు. సార్ దగ్గరేమన్న మోటారు మెషీన్లు కిరాయికున్నయా?

లెవల్ టూ, హన్మకొండ:
నా దగ్గర ఏ మెషీన్లూ లేవు. మాటలు జాగ్రత్త. బ్యాటరీ సంగతి నిజమే, అందుకే రెండోది నిండా ఛార్జ్ చేసి జేబులో పెట్టుకోవాలి, మొదటిది పావు వంతుకు రాగానే టిప్ సాపు చేసి మార్చాలి. మీకు లీవర్ మీద అంత పట్టు ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

ఖని బాబాయ్:
ఎందుకంటే మోటారు స్కోపు తీగ తెగితే దెబ్బ కాంట్రాక్టర్ బిల్లుకు తగులుతది. కిందటిసారి ఒక ప్లాంటుల తీగ తెగింది, రిపేర్ ఖర్చు మొత్తం మా బిల్లుల కోసిండ్రు. మెషీన్ ఆ ప్లాంటోళ్ళు తెచ్చిందే. తెచ్చిననాడు ఎంత వంగిందో ఎవడన్న రాసిండా? రాయలే. లీవర్ అయితే పట్టంగనే చెప్తం, తీగ వదులైంది, మాకొద్దని. జాయ్‌స్టిక్‌ల ఆ వదులు చేతికి తెల్వది. పాత రోగం మా మీద పడ్డది.

మంచిర్యాల ఓసీ:
గిదీ అసలు ముచ్చట. ఇంతసేపు ఎద్దు పలుపు ముచ్చట చెప్పుకున్నం.

లెవల్ టూ, హన్మకొండ:
అది ముందే చెప్తే ఇంత వాదన ఉండకపోవు. నాది కూడా చెప్తా. జాయ్‌స్టిక్ అయితే ఎవరైనా తిప్పొచ్చని, అనుభవం లేని పిల్లలను తక్కువ రోజుకూలికి పెట్టి రిపోర్టు మీద సంతకం మాత్రం లెవల్ టూ సర్టిఫికెట్ ఉన్న మాతో పెట్టించుకుంటున్నారు. తిప్పడం సులువైతే చూడడం సులువవుతుందా? స్కేలు (లోపల పేరుకునే పొర) పెచ్చు నీడకు, పగులుకు తేడా తెలియాలి కదా. అయినా నేను మోటారు అంటున్నది, పని నీట్‌గా వస్తుంది కాబట్టి.

తెచ్చిన రోజు, ఇచ్చేసే రోజు ఇద్దరూ నిలబడి కోణం చూసి రాసుకుంటే మీ సమస్య తీరుతుంది. డిగ్రీలు గీసిన కాగితం బల్ల మీద పెట్టి, గొట్టం సాపుగా పరిచి, నాలుగు వైపులా పూర్తిగా తిప్పి, ఎంత వచ్చిందో రాయాలి. తర్వాత ఒక చుట్ట వేసి మళ్ళీ. కేటలాగు కోణం సాపు గొట్టానిది, చుట్టలో తగ్గడం సహజం. కానీ సాపుగా ఉన్నప్పుడు పైకి బాగా వంగి కిందికి బాగా తగ్గితే కింది తీగ సాగింది. హోమ్ నొక్కాక కూడా తల పక్కకు ఉంటే అది కూడా రాయాలి. రబ్బరు మీద గాట్లకు ఫోటో.

ఖని బాబాయ్:
ఆ కాగితం మీద మేనేజర్ సంతకం పెడితే మోటారు అయినా నాకు అభ్యంతరం లేదు. పెట్టడు. అడుగున్రి.

కాజీపేట డీజిల్:
టిప్ వేడి కూడా రాయించున్రి. చాలా స్కోపులు గాలిల 100 డిగ్రీల దాకనే. షట్‌డౌన్‌ల తొందరపెడుతరు, హెడర్ చల్లారకముందే పెట్టమంటరు.

చెల్పూరు తమ్మి:
మోటారుదే తెస్త, రెండు బ్యాటరీలు, 120 డిగ్రీల పక్క చూపు టిప్ కూడా అడుగుత. కోణం కాగితం ఇవ్వాల్నే తయారు జేస్త బాబాయ్, సంతకం లేకుంటే మెషీన్ పెట్టె తెరువను. గైడ్ పైపుకు ఎలక్ట్రికల్ వాళ్ళ స్టీల్ కండ్యూట్ (వైర్లు పోయే పైపు) నడుస్తదా?

ఖని బాబాయ్:
నడుస్తది. లోపల అతుకు గీత ఉంటే మాత్రం ఇసుక కాగితం పెట్టు. సార్, ఆ 0.1 ఎక్కడిది?

లెవల్ టూ, హన్మకొండ:
అనుకోండి అన్నాను బాబాయ్ గారూ. అనుకోండి.