చేతిలో ఉన్న కాస్త డబ్బు ట్యాప్ షూస్‌కా, చెక్క పలకకా?

మెల్లగా_నేర్చుకుంటా:
అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు. ఎక్కడ కూర్చున్నా బల్ల మీద వేళ్లతో దరువేయడం తప్ప డాన్సుతో నాకు ఏ సంబంధమూ లేదు. మూడు వారాల క్రితం ఒక ట్యాప్ డాన్స్ వీడియో చూశాను, బూట్ల అడుగున బిగించిన 'ట్యాప్‌లు' అనే లోహపు ముక్కలతో నేల మీద దరువేస్తారే, అది. అప్పటి నుంచి స్టవ్ దగ్గర నిలబడినా కాళ్లు ఊరుకోవడం లేదు. సాక్సులతోనే షఫుల్ (పాదాన్ని ముందుకీ వెనక్కీ ఊపి రెండు దెబ్బలు), బాల్ చేంజ్ (ఒక మునిపాదం నుంచి రెండో పాదానికి బరువు మార్చడం) ప్రాక్టీస్ చేస్తున్నాను. వెతుకుతూ పోతే ఐర్లండ్ షాన్ నోస్, అమెరికా అపలాచియన్ కొండల ఫ్లాట్‌ఫుటింగ్ కూడా కనబడ్డాయి. రెండూ కాళ్లతో దరువేసే జానపద డాన్సులే. అవీ నచ్చాయి.

ఇబ్బందల్లా డబ్బుతోనే. ఇప్పుడు ఒక్కదానికే ఖర్చు పెట్టగలను: ట్యాప్ షూస్, కాళ్ల కింద వేసుకునే ప్లైవుడ్ పలక, లేదా కొన్ని క్లాసులు. ఏది ముందు? ఉండేది రెండో అంతస్తులో. టైల్స్, వాటి కింద కాంక్రీటు.

ఇనుప_మడమ:
షూస్. ఇందులో ఆలోచించేదేముందండీ! ట్యాప్ అంటేనే శబ్దం. అది వినబడకుండా నేర్చుకోవడమంటే తీగల్లేని వీణ మీద సాధన చేసినట్టే. సాక్సుల్లో షఫుల్ వేస్తే రెండు దెబ్బలూ సమానంగా పడ్డాయనే అనిపిస్తుంది. ట్యాప్‌లు తొడుక్కున్న రోజు తెలుస్తుంది, ముందుకు వెళ్లే దెబ్బ గట్టిగా పడుతోందని, వెనక్కి వచ్చేది అసలు నేలకే తగలడం లేదని. నాకు అలాగే తెలిసింది. నాలుగు నెలల సాక్సుల సాధన తర్వాత ఏడుపొక్కటే తక్కువ.

చెక్కతలుపు:
ఇనుప_మడమ గారు చెప్పింది సగం నిజం. శబ్దం కావాలి, ఒప్పుకుంటాను. కానీ శబ్దం పుట్టేది షూ ఒక్కదానిలోనే కాదు, షూ నేలను తాకిన చోట. కాంక్రీటు మీద అతికించిన టైల్స్ పైన ఎంత మంచి ట్యాప్‌లు వేసుకున్నా పళ్లు జివ్వుమనే చప్పుడే వస్తుంది. అదే పాత తోలు సోల్ బూట్లతో చెక్క మీద వేసి చూడండి, ప్రతి దెబ్బా గుండ్రంగా వినబడుతుంది.

షాన్ నోస్ వేసేవాళ్లకు ప్రత్యేకమైన షూ తప్పనిసరి కాదు. గట్టి సోల్ ఉన్న మామూలు బూట్లు చాలు. ఇళ్లలో తలుపు ఊడదీసి నేల మీద పరిచి దాని మీద ఆడేవాళ్లు. అంటే, వాళ్లు ముందు సమకూర్చుకున్నది షూ కాదు, నేల! నా పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఫ్లాట్‌ఫుటింగ్ కూడా అంతే, పాదం నేలకు దగ్గరగానే ఉంటుంది, ఎగిరేది తక్కువ. ఇద్దరు మనుషులకు సరిపడా చోటు కూడా అక్కర్లేదు.

ఇంకో మాట. అమెరికా ట్యాప్ డాన్సర్ బిల్ రాబిన్సన్ పేరు ట్యాప్ వాళ్లందరికీ తెలుసు. ఆయన పుట్టిన మే 25నే అమెరికాలో జాతీయ ట్యాప్ డాన్స్ దినంగా 1989లో చట్టం చేశారు. ఆయన వేసుకున్నది చెక్క సోల్ బూట్లు. కాబట్టి లోహపు ముక్కలు లేకపోతే ట్యాపే కాదనడం కుదరదు.

ఇనుప_మడమ:
రాబిన్సన్‌ను తీసుకొచ్చి నా నోరు మూయించాలనుకుంటే ఎలా? ఆయన చెక్క సోల్ బూట్లు కూడా డాన్స్ కోసం వేసుకున్నవే, ఆఫీసుకు వెళ్లే బూట్లు కావు. పైగా మెల్లగా గారి ఇంట్లో తోలు సోల్ బూట్లు ఉన్నాయో లేదో ముందు అడగండి. ఈ రోజుల్లో ఎవరి దగ్గరున్నాయి? అన్నీ రబ్బరు సోల్సే.

మెల్లగా_నేర్చుకుంటా:
నిజమే, ఒక్క జతే ఉంది. ఇంటర్వ్యూల కోసం కొన్నవి. సోల్ తోలుదే, చూశాను. ఇప్పుడు ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే కాబట్టి వాటికి వేరే పనేమీ లేదు.

మోకాలు_బాబాయ్:
రబ్బరు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేను స్పోర్ట్స్ షూతో మొదలుపెట్టిన మహానుభావుణ్ణి. రబ్బరు నేలను పట్టేస్తుంది. పాదం జారాల్సిన చోట ఆగిపోతుంది, పైనున్న ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మధ్యలో నలిగేది మోకాలు. అది చాలదన్నట్టు రెండు నెలలు టైల్స్ మీద ఎగిరాను. మోకాలి కింద, ముందు వైపు ఎముక పొడవునా నొప్పి మొదలైంది. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి దిగాల్సి వచ్చింది. డాక్టర్ నా కథంతా విని అడిగిన మొదటి ప్రశ్న: "నేల ఎలాంటిది?" ఏ షూ అని అడగలేదు.

కాంక్రీటు కాస్త కూడా లొంగదు. మనం కొట్టిన దెబ్బ మనకే తిరిగొస్తుంది. డాన్స్ స్టూడియోల్లో చెక్క కింద ఖాళీ, నురుగు మెత్తలు పెట్టి నేల కొంచెం ఊగేలా కట్టడం ఊరికే కాదు. అందుకే నా ఓటు పలకకు. మెల్లగా గారూ, ముప్పై ఏడు అంటున్నారు. నాది నలభై రెండు. మన కాళ్లకు స్పేర్ పార్టులు దొరకవు.

కింది_ఇంటివాడు:
నాకు డాన్స్ రాదు. నా ఇంటి పై అంతస్తులో ఒకాయన ట్యాప్ నేర్చుకుంటున్నాడు కాబట్టి ఇక్కడ అకౌంట్ తెరిచాను. దయచేసి పలక కింద ఏదైనా మెత్తటిది వేయండి. అంతే.

చెక్కతలుపు:
కింది_ఇంటివాడు గారికి నా సానుభూతి, అందులో వ్యంగ్యం లేదు. నేను ఐదేళ్లుగా వాడుతున్న ఏర్పాటు చెబుతాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మూడడుగులకు నాలుగడుగులు. అంతకంటే పల్చనిది వంగుతుంది, మడమ దెబ్బకు మధ్యలో పగిలినట్టు మోగుతుంది. దాని కింద పజిల్ ముక్కల్లా కలిపే నురుగు మ్యాట్లు రెండు వరసలు. అన్నింటి కింద, టైల్స్‌కు ఆనేలా, జారకుండా పట్టే రబ్బరు జాలీ. ఈ చివరిది మర్చిపోతే పలకే మనల్ని ఎక్కించుకుని గోడ దాకా తీసుకెళ్తుంది.

స్టేజీ మీద అయితే పలక కింద చెక్క పట్టీలు కొట్టి గాలి ఆడేలా చేస్తారు, అది డప్పులా మోగుతుంది. ఫ్లాట్లో అది వద్దు. ఆ మోత తిన్నగా కిందికి దిగుతుంది. మెరిసే వార్నిష్ కూడా కొట్టకండి, జారుతుంది. ముడి చెక్కే నయం.

అరగంట_చాలు:
నేను చిన్న పిల్లలకు ట్యాప్ చెబుతాను, కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. షూ వద్దు, పలక వద్దు, ముందు క్లాసుకు రండి. ఎందుకంటే ఇంట్లో నేర్చుకుని వచ్చిన పెద్దవాళ్లలో పదికి ఎనిమిది మంది షఫుల్ మోకాలి నుంచి తంతారు. అది చీలమండ నుంచి రావాలి, అదీ పాదాన్ని వదులుగా వేలాడదీసి. అద్దం ముందు నిలబడితే ఈ తప్పు కనబడదు, ఎందుకంటే పాదం సరిగ్గానే కదులుతున్నట్టుంటుంది. పక్కనున్న మనిషి ఒక్క చూపుతో చెప్పేస్తుంది. ఆరు నెలలు తప్పుగా అలవాటైనదాన్ని మార్చడం, కొత్తగా నేర్పడం కంటే కష్టం.

మొదటి క్లాసుకు చాలాచోట్ల గట్టి సోల్ బూట్లతో రానిస్తారు. కొన్నిచోట్ల అప్పుగా ఒక జత ఇస్తారు కూడా. అడగడానికి మొహమాటపడకండి.

చెక్కతలుపు:
టీచర్ గారికి గౌరవంతోనే అంటున్నాను. ట్యాప్ విషయంలో మీరు చెప్పింది సరే. కానీ జానపద స్టెప్పులు క్లాసుల్లో పుట్టలేదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల్లో క్లాగులు అనే చెక్క సోల్ బూట్లు వేసుకున్న కూలీలు ఇంట్లో వాళ్లను, వీధిలో వాళ్లను చూసే నేర్చుకున్నారు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో 1739 బానిసల తిరుగుబాటు తర్వాత, 1740లో బానిసల చేతికి డ్రమ్ములు దక్కకుండా చట్టం చేస్తే, దరువు చేతుల్లోనూ కాళ్లలోనూ బతికింది. అక్కడ ఎవరు ఫీజు కట్టారు?

అరగంట_చాలు:
ఫీజు కట్టలేదు, నిజమే. కానీ వాళ్ల చుట్టూ రోజూ ఆడేవాళ్లున్నారు. తప్పేస్తే నవ్వే మేనమామ ఉన్నాడు, సరిచేసే అక్క ఉంది. మెల్లగా గారికి ఉన్నది ఫోను. చూసి నేర్చుకోవడానికీ వీడియో చూసి నేర్చుకోవడానికీ తేడా అదే: వీడియో మనల్ని తిరిగి చూడదు.

చెక్కతలుపు:
...సరే. ఇది ఒప్పుకోక తప్పదు.

లయ_తప్పిన_తమ్ముడు:
అన్నలూ అక్కలూ, వీటన్నింటికంటే చవకైన దారి ఉంది! న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పిల్లలు స్పోర్ట్స్ షూ అడుగున సీసా మూతలు అతికించుకుని ట్యాప్ చేస్తారు. నేనూ గమ్‌తో నాణేలు అతికించా. సూపర్ సౌండ్.

మోకాలు_బాబాయ్:
తమ్ముడూ, వాళ్లు ఆడేది వీధిలో, గరుకు నేల మీద. నువ్వు టైల్స్ మీద నాణేలతో దిగావంటే మనిద్దరం ఒకే డాక్టర్ దగ్గర కలుస్తాం.

ఇనుప_మడమ:
నాణేలు వద్దు గానీ, ఆ దారిలోనే మంచి ఉపాయం ఒకటుంది. ఆయన ఇంటర్వ్యూ బూట్లకే ట్యాప్‌లు కొట్టించుకోవచ్చు. ట్యాప్‌లు విడిగా కూడా దొరుకుతాయి, ముందు పాదానికి రెండు, మడమకు రెండు. బూట్లు కుట్టేవాళ్లెవరైనా బిగిస్తారు. చూసుకోవాల్సింది స్క్రూ పొడవు. సోల్ దళసరి కంటే పొడవైతే మొన లోపలికి వచ్చి అరికాలికి గుచ్చుకుంటుంది. సోల్ పల్చగా ఉంటే ట్యాప్‌కీ సోల్‌కీ మధ్య ఒక ఫైబర్ ముక్క వేయించండి, స్క్రూకు పట్టు దొరుకుతుంది, శబ్దమూ నిండుగా వస్తుంది. తర్వాత వారానికోసారి స్క్రూలు చూసుకోవాలి. ఒకటి వదులైతే గలగలమంటుంది, బయటికొస్తే పలకను గీసేస్తుంది.

సెకండ్ హ్యాండ్ షూ కొనేవాళ్లకు కూడా ఒక మాట: ఒక సైజు పెద్దదే కదా, సర్దుకుందాం అనుకోకండి. మడమ లోపల జారుతుంటే ఏ దెబ్బా సమయానికి పడదు.

ఇదంతా చెప్పాక నా ఓటు మార్చుకుంటున్నానా? పూర్తిగా కాదు. బూట్లు ఉన్నాయి కాబట్టి ఈయనకు పలక ముందు, సరే. రబ్బరు సోల్స్ తప్ప వేరేవి లేనివాళ్లకు మాత్రం నా జవాబు ఇప్పటికీ షూసే.

అరగంట_చాలు:
అయితే పలక కొనండి, కానీ ఫోన్ నేల మీద పెట్టి పాదాలు మాత్రమే కనబడేలా పక్క నుంచి రికార్డు చేసుకోండి. నిదానంగా తిప్పి చూడండి. షఫుల్లో మోకాలు ముందుకీ వెనక్కీ ఊగుతోందంటే ఆపేయండి. మెట్రోనోమ్ యాప్ (సమానంగా టిక్కు టిక్కుమంటూ తాళం వేసేది) నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఒక్కో టిక్కుకు "తక" అని రెండు దెబ్బలు. ఐరిష్ జిగ్ దగ్గరికి వెళ్లినప్పుడు "తకిట తకిట" అని మూడేసి. కాలికంటే ముందు నోటికి రావాలి. రోజూ పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆదివారం రెండు గంటలు దంచితే లాభం లేదు.

మొదటి లక్ష్యంగా షిమ్ షామ్ అనే చిన్న ట్యాప్ డాన్స్ పెట్టుకోండి. 1920ల చివర్లో లియొనార్డ్ రీడ్, విల్లీ బ్రయంట్ కూర్చినది, 32 బార్లు (ఒక్కో బార్‌కు నాలుగు లెక్కలు), నాలుగే స్టెప్పులు. ట్యాప్ వాళ్లు ఏ ఊళ్లో కలిసినా చివర్లో అందరూ కలిసి వేసేది అదే. అది వచ్చాక నా క్లాసుకు కాకపోయినా ఎవరి క్లాసుకైనా ఒక్కసారి వెళ్లి చూపించండి.

మెల్లగా_నేర్చుకుంటా:
అందరికీ థాంక్స్. తేల్చుకున్నాను: ముందు పలక. ఇంటర్వ్యూ బూట్లతో మొదలుపెడతాను, మూడు నెలలు ఆగకుండా చేస్తే వాటికే ట్యాప్‌లు కొట్టిస్తాను. షిమ్ షామ్ వచ్చిన రోజు ఒక క్లాసు. కింది ఫ్లోర్ ఆంటీకి ముందే చెప్పి, సాయంత్రం ఆరు నుంచి ఆరుంపావు వరకు అని మాటిచ్చాను. ఆవిడ "ఏం డాన్స్ బాబూ" అని అడిగి, చూడటానికి వస్తానంది. అదొక కొత్త టెన్షన్.

చిన్న సందేహం. ప్లైవుడ్ అంచులు గరుకుగా ఉంటాయి కదా, ఏమైనా చేయాలా?

చెక్కతలుపు:
గరుకు కాగితంతో నాలుగు అంచులూ, మూలలూ గుండ్రంగా రుద్దేయండి. తర్వాత చుట్టూ గుడ్డ టేపు వేయండి. పైకి రానీయకండి, పక్కలకే. పైకొస్తే కాలికి తగులుతుంది.

కింది_ఇంటివాడు:
నురుగు మ్యాట్లు రెండు వరసలు అన్నారు. మర్చిపోకండి.